నొప్పి లేదు, ఎముక మాత్రం పోతోంది: తుంటి మార్పిడి తర్వాత ఒక కేసు, నానో మందు గురించి ఒక ప్రశ్న

రోగి అనుమతితో రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

ఆమె స్కూల్ టీచర్, వయసు యాభై దాటింది. ముప్పైల్లో ఉన్నప్పుడు ఒక చర్మవ్యాధికి నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడారు. వ్యాధి తగ్గింది కానీ కుడి తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయింది. మన దగ్గర చిన్న వయసులోనే తుంటి మార్పిడి దాకా వచ్చేవాళ్లలో ఈ ఏవీఎన్ (అవాస్కులర్ నెక్రోసిస్) వాళ్లే చాలామంది. 2001లో ఆమెకు సిమెంటు వాడని రకం కృత్రిమ కీలు వేశారు. కటి ఎముకలో టైటానియం కప్పు, దాని లోపల పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ లైనర్, అందులో తిరిగే 28 మిల్లీమీటర్ల కోబాల్ట్-క్రోమ్ బంతి, తొడ ఎముకలోకి దిగిన స్టెమ్ (లోహపు కాడ).

మొదట్లో చెకప్‌లకు వెళ్లారు, తర్వాత మానేశారు. ఎందుకు వెళ్తారు? నొప్పి లేదు, బస్సెక్కుతున్నారు, పీరియడ్ తర్వాత పీరియడ్ నిలబడి పాఠం చెప్తున్నారు.

2001 అన్న సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. అరుగుదల బాగా తగ్గించిన క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ 1990ల చివర్లోనే వాడకంలోకి వచ్చింది. అయినా ఆ తర్వాత కొన్నేళ్ల పాటు చాలామందికి పాత రకమే పడింది, ఈమెకూ అదే. పాత లైనర్లలో కొన్నింటిని గాలి తగిలేలా ప్యాక్ చేసి గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసేవారు. దాంతో ప్లాస్టిక్‌లో మిగిలిన ఫ్రీ రాడికల్స్ ఆక్సిజన్‌తో కలిసి, ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని పెళుసుగా మారుస్తాయి. ఆస్ట్రేలియా జాతీయ రిజిస్ట్రీ లెక్కల్లో 16 ఏళ్లకు రివిజన్ (కీలు మార్చే మలి ఆపరేషన్) అవసరమైనవాళ్లు పాత పాలిథిలిన్‌తో 11.7 శాతం, క్రాస్‌లింక్డ్‌తో 6.2 శాతం. అంటే ఆమె తుంటిలో ఏం జరగబోతోందో సగం ఆ లైనర్ వేసిన రోజే ఖాయమైపోయింది.

సమస్య బయటపడిన తీరు

తుంటి కోసం కాదు, నడుము నొప్పి కోసం ఎక్స్‌రే తీయించుకున్నారు. ఫిల్మ్ అంచున తుంటి కూడా పడింది. కప్పు మధ్యలో ఉండాల్సిన బంతి పైకి జరిగి ఉంది, కప్పు వెనక ఎముకలో నల్లటి మచ్చ ఉంది. చూసిన డాక్టర్ ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రోనేట్ వారానికి 70 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత ఆమె అమెరికాలో ఉండే కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు.

కొత్త ఎక్స్‌రేలో బంతి సుమారు 3 మిల్లీమీటర్లు పైకి జరిగింది. ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి 0.1 మిల్లీమీటరు దాటుతుంది. ఆ గీత కింద ఆస్టియోలైసిస్ (కీలు చుట్టూ ఎముక కరిగిపోవడం) అరుదు, పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఎక్స్‌రే ఈ మచ్చల్ని ఎప్పుడూ తక్కువ చేసి చూపిస్తుంది, కప్పు లోహమే చాలావరకు కప్పేస్తుంది. లోహపు మెరుపు తగ్గించే పద్ధతిలో సీటీ తీయిస్తే అసలు బొమ్మ బయటపడింది. కప్పు పైన ఒక గుంట, కింద కూర్చునే ఎముకలో ఇంకోటి, తొడ ఎముక పైచివర గ్రేటర్ ట్రోకాంటర్‌లో మూడోది. కప్పు, స్టెమ్ రెండూ ఎముకకు గట్టిగానే పట్టుకుని ఉన్నాయి. నొప్పి లేకపోవడానికి కారణం అదే.

ముందుగా తేల్చాల్సింది ఇన్ఫెక్షన్ సంగతి. మెల్లగా ముదిరే ఇన్ఫెక్షన్ కూడా ఎముకను ఇలాగే తినేస్తుంది, కానీ దాని వైద్యం పూర్తిగా వేరు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయి. అయినా సూదితో కీలు నీరు తీయించాను. తెల్లకణాలు వెయ్యి లోపే ఉన్నాయి (3000 దాటితే అనుమానించేవాళ్లం). కల్చర్‌ను రెండు వారాలు ఉంచినా ఏమీ పెరగలేదు. ఈ సూది ఎందుకని కొడుకు అడిగారు. కీలు చుట్టూ ఇమ్యూనిటీని అణిచే ఏ మందు గురించి మాట్లాడాలన్నా, అక్కడ బ్యాక్టీరియా లేదని ముందు తెలియాలి అన్నాను. ఆ జవాబుతో తర్వాత చాలా పని పడింది.

ఎముక ఎలా పోతోంది

ఆ మందుల చర్చ అర్థం కావాలంటే ఇది కొంచెం చెప్పాలి. నడిచేటప్పుడు బంతి రుద్దుకుని లైనర్ నుంచి ఒక్కో అడుగుకూ లక్షల్లో రేణువులు రాలుతాయి. ఎక్కువ భాగం ఒక మైక్రాన్ కన్నా చిన్నవి, అంటే చెత్తను మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లు మింగడానికి సరిగ్గా సరిపోయేవి. మింగుతాయి కానీ అరిగించుకోలేవు. రెచ్చిపోయి మంట (ఇన్‌ఫ్లమేషన్) రేపే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, 6 అనే రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో చుట్టుపక్కల కణాలు ర్యాంక్‌ఎల్ అనే సంకేతం పెంచుతాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లు దానితోనే తయారవుతాయి. ఇంకోపక్క కొత్త ఎముక పోసే కణాలు మందగిస్తాయి. కీలు నీరు ఒత్తిడితో ఎంతదూరం పాకగలిగితే రేణువులూ అంతదూరం వెళ్తాయి. కప్పులోని స్క్రూ రంధ్రాలు వాటికి రాచబాట.

దీన్ని ఒకప్పుడు సిమెంటు జబ్బు అనేవారు, 1987లో ఆ పేరుతోనే వ్యాసం కూడా వచ్చింది. సిమెంటు వాడని కీళ్లు వచ్చాక వాటి చుట్టూ కూడా ఎముక కరగడం చూసి, దోషం రేణువులదని ఒప్పుకున్నారు. నిజానికి అంతకు చాలా ముందే ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ టెఫ్లాన్ కప్పులతో చేతులు కాల్చుకున్నారు. టెఫ్లాన్ పొడి ఎంత రేపుతుందో తేల్చుకోవడానికి దాన్ని తన తొడలోనే పెట్టుకుని చూశారు. 1962లో పాలిథిలిన్‌కు మారారు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

అలెండ్రోనేట్ ఈమె విషయంలో ఒక వింత చూపించింది. నడుము ఎముకల డెక్సా స్కాన్‌లో సాంద్రత మెరుగుపడింది. అదే రెండేళ్లలో తుంటి మచ్చ పెద్దదైంది. మందు ఒంట్లో చేరింది, పని చేసింది కూడా, కానీ కావాల్సిన చోట కాదు. ఇలాంటి బిస్‌ఫాస్ఫోనేట్ మందు ఎముక ఉపరితలానికి అంటుకుని, దాన్ని తినడానికి వచ్చిన ఆస్టియోక్లాస్ట్‌ను చంపుతుంది. గుంట నిండా ఉన్న మాక్రోఫేజ్‌ల జోలికి వెళ్లదు, వాటికి రోజూ మేత వేసే లైనర్ జోలికి అసలే వెళ్లదు. మందు ఆపించాను. ఫలితం లేనప్పుడు దవడ ఎముక చచ్చిపోవడం, తొడ ఎముక విరగడం లాంటి రిస్కులు నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

తర్వాత డెనోసుమాబ్ సంగతి వచ్చింది. ర్యాంక్‌ఎల్‌నే నేరుగా కట్టేసే మందు ఇది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ బృందం 2022లో ప్రచురించిన ట్రయల్‌లో, ఆస్టియోలైసిస్‌కు రివిజన్ చేయించుకోబోయే 24 మందిని తీసుకుని, కొందరికి 60 మిల్లీగ్రాముల ఒక్క డోసు, కొందరికి ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని చూస్తే, మందు పడినవాళ్లలో ఆస్టియోక్లాస్ట్‌లు 83 శాతం తక్కువ. మనిషిలో ఈ దారి పనిచేస్తుందనడానికి మంచి సాక్ష్యమే. అయితే గుంట పెరగడం ఏళ్ల పాటు ఆగుతుందా, ఆపరేషన్ తప్పుతుందా అన్నది ఆ ట్రయల్ అడగలేదు. పైగా ఈ మందు ఒకసారి మొదలుపెట్టి ఆపితే ఎముక నష్టం ఎగదన్ని వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. అంటే ఏళ్ల తరబడి కట్టుబడాలి. యాభైల్లో ఉన్న మనిషికి, లైనర్ అలాగే ఉండగా, ఆ ఒప్పందం నాకు నచ్చలేదు.

అలాగని మొదటి రోజే కోతకు తొందరపడలేదు. కీలు గట్టిగా ఉంది, నొప్పి లేదు, ఆమెకు ఆపరేషన్ ఇష్టం లేదు. ఆరు నెలలు ఆగి మళ్లీ సీటీ తీద్దామన్నాను. గుంటలు నిలకడగా ఉంటే ఇంకా ఆగొచ్చు, పెరిగితే ఎంత వేగమో తెలుస్తుంది.

నానో మందు ప్రశ్న

ఈ ఆరు నెలల్లోనే కొడుకు నుంచి పేపర్లు రావడం మొదలైంది. చదువుకున్న మనిషి, ప్రశ్నలు పద్ధతిగా అడిగేవారు. "డాక్టర్ గారూ, మాక్రోఫేజ్ దగ్గరకే నేరుగా మందు తీసుకెళ్లే నానో పార్టికల్స్ ఉన్నాయంటున్నారు. ఇంకో రెండేళ్లు ఆగితే అమ్మకి కోత తప్పుతుందా?"

కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఆలోచన నిజంగా తెలివైనది. మంటపుట్టిన చోట రక్తనాళాలు కారుతుంటాయి. తగిన సైజులో ఉన్న మందు అణువుల గుత్తి అక్కడే బయటికి జారుతుంది, అక్కడున్న మాక్రోఫేజ్‌లు దాన్ని మింగి లోపల దాచుకుంటాయి. ఏ తిండిబోతుతనం వల్ల జబ్బు వచ్చిందో, మందు లోపలికి వెళ్లడానికి అదే దారి. అమెరికాలోని నెబ్రాస్కాలో డాంగ్ వాంగ్ బృందం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పాలిమర్ గొలుసుకు కట్టి, రేణువులు పెట్టిన ఎలుకలకు ఇచ్చింది. మందు రేణువులున్న చోటే పోగైంది, ఎముక నష్టం తగ్గింది. స్టాన్‌ఫర్డ్‌లో స్టువర్ట్ గుడ్‌మన్ బృందం మాక్రోఫేజ్‌లలో మంటకు తాళంచెవి లాంటి ఎన్ఎఫ్-కప్పాబీని అడ్డుకోవడం మీద, ఇంటర్‌ల్యూకిన్-4తో ఆ కణాల్ని శాంతపరచడం మీద చాలాకాలంగా పనిచేసింది. క్లోడ్రోనేట్ అనే మందు నింపిన లైపోసోమ్‌లు (సన్నటి కొవ్వు బుడగలు) మాక్రోఫేజ్‌లనే తగ్గిస్తాయి. ర్యాంక్‌ఎల్ లాంటి సంకేతాల్ని జన్యు స్థాయిలోనే నోరు మూయించే ఎస్ఐఆర్ఎన్ఏను మోసే నానో రేణువుల మీదా పని జరిగింది.

కొడుకు పంపిన పేపర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. దాదాపు అన్నీ ఎలుక పుర్రె మోడల్. చర్మం కింద పుర్రె మీద రేణువులు ఒక్కసారి చల్లి, కొద్దిరోజుల్లో ఎంత ఎముక పోయిందో కొలుస్తారు. అక్కడ ఇంప్లాంట్ లేదు, బరువు మోయడం లేదు, ఒత్తిడితో పంపు చేసే కీలు నీరు లేదు. ముఖ్యంగా, కొత్త రేణువులు రావు. టీచర్ గారి తుంటిలో రేణువులు ఇరవై ఏళ్లుగా రోజూ రాలుతున్నాయి. పైకప్పు కారుతూనే ఉంటే కింద ఎంత మంచి గిన్నె పెట్టినా అది నిండుతుంది. మందు ఎంత గురిచూసి వెళ్లినా, అది శాంతపరిచిన మాక్రోఫేజ్ స్థానంలోకి రేపు కొత్త మాక్రోఫేజ్ వచ్చి కొత్త రేణువును మింగుతుంది.

రెండో అభ్యంతరం ఆమెకే ప్రత్యేకం. ఈ నానో మందుల్లో ముందుకు సాగిన వాటిలో ఒకటి మోసేది డెక్సామెథసోన్‌ను. ఈమె మొదటి తుంటి పోయిందే స్టెరాయిడ్ వల్ల. ఎడమ తుంటి ఆమె సొంతది, దాని ఎంఆర్ఐలో చిన్న పాత మచ్చ ఉంది. మందు మంట ఉన్న చోటే పోగవుతుందన్నది ఎలుకల్లో ఊరటనిచ్చే ఫలితమే. కానీ రక్తంలోకి వెళ్లే నానో రేణువుల్లో కొంత భాగాన్ని కాలేయం, ప్లీహం కూడా పట్టుకుంటాయి. మనిషిలో ఎంత చోటు తప్పుతుందో కొలవకుండా ఈమెకు స్టెరాయిడ్ మాట ఎత్తలేను.

మూడోది, చాలామందికి తట్టనిది. లోహం మీద దాక్కున్న బ్యాక్టీరియాను కల్చర్ ఒక్కోసారి పట్టుకోలేదు. అక్కడ కాపలా కాసేది ఈ మాక్రోఫేజ్‌లే. వాటినే నిద్రపుచ్చే మందును ఇంప్లాంట్ చుట్టూ నెలల తరబడి ఉంచితే, ఇన్నాళ్లూ లొంగి ఉన్న ఇన్ఫెక్షన్ లేచి కూర్చోవచ్చు. మొదట్లో ఆ సూది ఎందుకు పొడిచానో కొడుకుకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఇంకో మాట కూడా చెప్పాను. నానో అంటే మృదువు, సురక్షితం అన్న భావన ఒకటి తిరుగుతోంది. తుంటి శస్త్రచికిత్స చరిత్రలోనే దానికి జవాబుంది. లోహం మీద లోహం తిరిగే కీళ్ల నుంచి రాలిన కోబాల్ట్-క్రోమ్ రేణువులు నానో సైజువే. అవి కొందరిలో కండను చంపి, కీలు చుట్టూ గడ్డలు పుట్టించాయి. 2010లో ఒక పెద్ద మోడల్‌ను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. సైజు ఒక్కటే భరోసా కాదు. ఏ పదార్థం, ఎక్కడ ఆగుతుంది, ఎలా బయటికి పోతుంది అన్నవి చూడాలి.

అయినా ఆగడానికి ఆమె దగ్గర సమయం ఉంటే ఆగుదామనే అనుకున్నాను. రెండో సీటీ ఆ సమయం లేదని చెప్పింది. ట్రోకాంటర్ గుంట పెరిగి, పైన ఎముక పెంకులా పలుచబడింది. అది విరిగితే నడకకు ఆధారమైన కండరం పట్టు తప్పుతుంది, దాన్ని మళ్లీ అతికించడం చాలా కష్టం. కప్పు వెనక ఎముక ఇంకా పోతే రేపు చేసే ఆపరేషన్ ఈరోజుటి కన్నా చాలా పెద్దది. ఇక వాయిదా వేయొద్దని చెప్పాను. టీచర్ గారు వెంటనే ఒప్పుకున్నారు. కొడుక్కి ఇంకో వారం పట్టింది.

చేసింది

ఏ ఇంప్లాంట్ వేశారో తెలియకుండా రివిజన్‌కు దిగితే థియేటర్‌లో టెన్షన్ తప్పదు. స్టెమ్ మెడ కొలత తెలిస్తేనే దానికి సరిపోయే బంతి దొరుకుతుంది. ఆమె పాత ఫైల్లో డిశ్చార్జ్ కాగితం వెనక నాలుగు స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. రంగు వెలిసింది, ఒకదాని మూల చినిగింది, కానీ కోడ్ నంబర్లు చదవొచ్చు. కంపెనీ ప్రతినిధిని అడిగితే ఆ లైనర్ తయారీ ఎప్పుడో ఆగిపోయిందన్నారు.

అప్పుడు రెండు దారులు. కప్పు కూడా తీసేసి కొత్తది వేయడం ఒకటి. కానీ ఎముకకు అతుక్కుపోయిన కప్పును పీకితే, ఉన్న కొద్ది ఎముకా దాంతోపాటు వస్తుంది. కప్పు కోణం బాగుంది, పట్టు బాగుంది. అందుకని రెండోదారి ఎంచుకున్నాను: కప్పును అలాగే ఉంచి, చిన్న సైజు క్రాస్‌లింక్డ్ లైనర్‌ను దానిలో సిమెంటుతో కూర్చోబెట్టడం. ఆ ఎంపిక ఖాయం కాదు, కప్పు గట్టితనం లోపల చూశాకే ఖాయమని ఆమెకు ముందే చెప్పి, కొత్త కప్పులు కూడా తెప్పించి పెట్టాం.

పాత లైనర్‌కు రంధ్రం చేసి స్క్రూ బిగిస్తే, కొన కప్పుకు తగిలి లైనర్ మెల్లగా పైకి లేచింది. చేతిలోకి తీసుకుంటే పసుపెక్కి ఉంది. పైభాగం ఒక పక్క అరిగి, కింది భాగంతో పోలిస్తే సగం మందం కూడా లేదు. కప్పును గట్టిగా కదిపి, తోసి చూశాం. అంచు వెంట ద్రవం చిమ్మలేదు, కదలిక లేదు. ఉంచేశాం. స్క్రూలు తీసి ఆ రంధ్రాల గుండా బూడిద-పసుపు రంగు మెత్తటి కణజాలాన్ని గోకి తీశాం. ముక్కలు ఐదు కల్చర్‌కు, ఒకటి ఫ్రోజెన్ సెక్షన్‌కు (అక్కడికక్కడే గడ్డకట్టించి చూసే పరీక్ష). ఇన్ఫెక్షన్ ఉంటే కనిపించే న్యూట్రోఫిల్స్ గుంపులు లేవు. తర్వాత పెథాలజిస్ట్ నన్ను పిలిచి పోలరైజ్డ్ వెలుతురులో స్లైడ్ చూపించారు. నల్లటి నేపథ్యంలో ఒక్కో మాక్రోఫేజ్ లోపల తెల్లగా మెరిసే సూదుల్లాంటి పాలిథిలిన్ తునకలు. కొన్ని కణాలు వాటితో ఉబ్బిపోయి ఉన్నాయి.

గుంటల్లో బోన్ బ్యాంక్ నుంచి తెచ్చిన ఎముక ముక్కలు (గ్రాఫ్ట్) కూరాం. కింది ఎముకలోని గుంట మూలకు పరికరం చేరలేదు. దాని కోసం కప్పు తీయడం లాభం కన్నా నష్టమని వదిలేశాను. కొత్త లైనర్ వెనక వైపు బర్‌తో గాడులు చేసి సిమెంటు పట్టేలా చేశాం. వాడిన స్టెమ్ మెడ మీద నేరుగా సిరామిక్ బంతి వేస్తే పగిలే ప్రమాదం కాబట్టి, లోపల టైటానియం స్లీవ్ ఉన్న 32 మిల్లీమీటర్ల బంతి వేశాం. లైనర్ మాత్రమే మార్చే ఆపరేషన్లలో పెద్ద భయం కీలు జారడం. 28 నుంచి 32కి వెళ్లింది అందుకే. ఆరు వారాలు కింద కూర్చోవద్దని, పొట్టి స్టూలు మీద కూర్చోవద్దని, కర్రలతో సగం బరువే మోపాలని గట్టిగా చెప్పాం.

ఏడాది తర్వాతి సీటీలో పైగుంటలోని గ్రాఫ్ట్ చుట్టూ ఎముకతో కలిసిపోయింది. ట్రోకాంటర్ పెంకు మందమైంది. వదిలేసిన మూల అలాగే ఉంది, పెరగలేదు. ఈ చివరిదే నాకు ముఖ్యం. అక్కడ మేం గోకలేదు, గ్రాఫ్ట్ పెట్టలేదు, మందు ఇవ్వలేదు. మారిందల్లా పైనుంచి వచ్చే రేణువులు తగ్గడమే. ఒక్క రోగి, ఒక్క ఏడాది. దీని మీద సిద్ధాంతం కట్టను. కొద్దిగా కుంటు మిగిలింది, తుంటి పక్క కండరానికి వ్యాయామం సాగుతోంది.

ఈ కేసు తర్వాత

కొడుకు మళ్లీ ఫోన్ చేశారు. "ఇప్పుడు లైనర్ మార్చారు కదా, ఆ మిగిలిన మూలకి నానో మందు పనికొస్తుందా?" ఇది ముందటి కన్నా చాలా మంచి ప్రశ్న. ఆ చికిత్సకు సరైన చోటు అదేనని నా అభిప్రాయం. అరుగుదల ఆగిన కీలు, చేయి చేరని గుంట, అక్కడ ఇంకా రగులుతున్న పాత మాక్రోఫేజ్‌లు. లేదంటే పాత లైనర్ ఉండి, గుంటలు చిన్నగా ఉండి, గుండె జబ్బు వల్ల ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులు. అలాంటి ట్రయల్ ఏదైనా వస్తే నేను మూడు అడుగుతాను. గుంట పరిమాణం సీటీతో కొలుస్తున్నారా, లేక రక్తపరీక్షల్లో మంట తగ్గిందని సరిపెడుతున్నారా? చేర్చుకునే ముందు కీలు నీరు తీసి ఇన్ఫెక్షన్ లేదని చూస్తున్నారా? లైనర్ అరుగుదల వేగాన్ని బట్టి రోగుల్ని విడదీస్తున్నారా? మూడోది లేకపోతే, కారుతున్న కీళ్లూ కారని కీళ్లూ కలిసిపోయి, పనిచేసే మందు కూడా పనిచేయనట్టు కనిపించవచ్చు.

మందు అక్కర్లేని జాగ్రత్తలు ఈలోపు చేతిలో ఉన్నవే. పాత పాలిథిలిన్ కాలంలో తుంటి మార్చుకున్నవాళ్లు నొప్పి లేకపోయినా ఏడాదికో రెండేళ్లకో ఒక పెల్విస్ ఎక్స్‌రే తీయించుకుని, పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూపించుకోవాలి. మచ్చ ఉంటే సీటీ. ఆపరేషన్ కాగితాల వెనక స్టిక్కర్లుంటే ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉంచాలి. టీచర్ గారి తర్వాతి సీటీ వచ్చే వేసవి సెలవుల్లో. ఎడమ తుంటి ఎంఆర్ఐ కూడా అప్పుడే.